చిల్లు కోసం వెతికిన వానాకాలం

మొన్న ఆదివారం పొద్దున వానలో నేనెక్కిన ఆటో సూరత్‌లో తాపీ నది వంతెన మీద ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను కెలుకుతున్నాడు. అంతలో పక్కనుంచి సైకిళ్ళ గుంపు ఒకటి వచ్చింది. అందరూ కలిగినవాళ్ళు, ఒళ్ళు తగ్గడానికి తొక్కేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు నా ఆటో పక్కనే ఆగి నీళ్ళు తాగారు. ఒకాయన చెయ్యెత్తి, చంక కింద ఉన్న జిప్పును రెండో ఆయనకు చూపించాడు. కోటంటే ఇలా ఉండాలి, వాన లోపలికి రాకూడదు, చెమట లోపల నిలవకూడదు అని గుజరాతీలో చెప్పాడు. చక్రం చిమ్మే బురద నడుముకు తగలకుండా వెనకవైపు పొడుగ్గా ఉండాలట. వంగి తొక్కేటప్పుడు భుజాల దగ్గర పట్టెయ్యకూడదట. నాకు ఇక వినబుద్ధి కాలేదు. మొహం అటు తిప్పుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన చెప్పినవన్నీ మా ఇంట్లో ఒక్కొక్కటిగా, ఒక వానాకాలమంతా పట్టి నేర్చుకున్నాం. మాకు ఏ దుకాణంవాడూ చెప్పలేదు. నేర్చుకుని ఏం బావుకున్నామో అది కూడా చెప్తాను.

అప్పట్లో మేం లింబాయత్‌లో ఉండేవాళ్ళం. ఒకటే గది. అందులో బాపు, అమ్మ, బాపమ్మ, నేను, తమ్ముడు. నాన్నను బాపు అనీ, నాన్న తల్లిని బాపమ్మ అనీ పిలవడం మా కరీంనగర్ వైపు అలవాటు. గల్లీ అంతా మావాళ్ళే, ఊళ్ళో చేనేత మగ్గాలు మూలపడ్డాక సూరత్ రైలెక్కినవాళ్ళు. పగలూ రాత్రీ మరమగ్గాల చప్పుడు. గోడకు చెయ్యి ఆనిస్తే వణుకు తెలిసేది. కరెంటు పోయి చప్పుడు ఆగిందంటే ఊయలలో పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. గల్లీలో మగవాళ్ళందరికీ దగ్గు ఉండేది. పోగుల దుమ్ము పీల్చేవాళ్ళకు దగ్గు రాకపోతేనే వింత. తలుపు వెనక నక్కి, దగ్గును బట్టి వచ్చేది ఎవరో చెప్పడం మాకు ఆట. ఈ ఆటలో తమ్ముడు నన్నెప్పుడూ ఓడించేవాడు. అందుకని బాపు దగ్గినా మాకు బాపు వస్తున్నాడనే అనిపించేది, ఇంకేమీ తోచేది కాదు.

సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న ఖాతాలో బాపు నేసేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో సేఠ్ మగ్గాలు అమ్మేసుకున్నాడు. బాపు చాలా తిరిగి తిరిగి, చివరికి ఇచ్ఛాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని సంపాదించాడు. అక్కడ గొడుగులకు వాడే నైలాన్ గుడ్డ నేసేవాళ్ళు. ఇచ్ఛాపూర్ అంటే ఊరు దాటి, నది దాటి, హజీరా పోయే దారిలో ఎక్కడో ఉంది. బాపుకు ఒక పాత సైకిలు ఉంది. చీకటితోనే బయల్దేరితే తెల్లారేసరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండేవాడు. మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు.

ఆ పని పోతే మేం ఊరికి తిరిగి వెళ్ళాల్సిందే. ఊళ్ళో మాకు చేనూ లేదు, చెలకా లేదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి, మధ్యలో మానేసినవాణ్ణి ఫ్యాక్టరీ వాళ్ళు రేపట్నుంచి రావద్దంటారని బాపు ముందే చెప్పాడు. కాబట్టి వానాకాలంలో బాపు తడవకూడదు, జ్వరం తెచ్చుకోకూడదు. మా ఇంట్లో ఆ నాలుగు నెలలూ ఇదొక్కటే దిగులు.

మొదట ప్లాస్టిక్ కాగితం. గోడాదరా వెళ్ళే దారిలో ఎరువుల సంచుల లోపలి కవర్లు అమ్మేవాళ్ళు. అమ్మ ఒకటి తెచ్చి, తల పట్టేలా కోసి, మెడలో వేసింది. తొలి వానకే అది గాలికి ఉబ్బి బాపును వంతెన మీద పక్కకు నెట్టేసింది. మోకాలు చెక్కుకుపోయి ఇంటికొచ్చాడు.

తర్వాత బాపమ్మ రంగంలోకి దిగింది. ఊరినుంచి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న ఆస్తి ఒక నల్ల గొంగడి. దాన్ని మడిచి తల మీంచి కప్పుకుంటే కొప్పెర అంటారు. మా వైపు గొర్లు కాసేవాళ్ళు వానలో అలాగే నిలబడతారు.

"ఉన్ని తడిసినా ఎచ్చగనే ఉంటది కొడుకా. మీ తాత గిదే కప్పుకొని అంగడికి నడుసుకుంట పోయెటోడు" అంది.

"తాత నడిసిండే అవ్వ. నేను తొక్కాలె" అన్నాడు బాపు. అయినా తల్లి మాట కాదనలేక కప్పుకుని వెళ్ళాడు. సాయంత్రానికి అది నీళ్ళు తాగి, మోయలేనంత బరువైంది. పిండి ఆరేస్తే గదిలో సగం అదే. గొర్రె వాసన, దానికి తోడు బాపమ్మ కాల్చే సర్వపిండిలో నువ్వుల వాసన. నేనూ తమ్ముడూ దాని కింద దూరి గుడారం ఆట ఆడుకుని అమ్మతో వీపులు మోగించుకున్నాం. ఎన్ని రోజులైనా గొంగడి ఆరలేదు.

బజారులో రబ్బరు కోట్లు ఉండేవి. కొందామని అమ్మ నెమ్మదిగా అంది. బాపుకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"గుడ్డ నేసెటోని ఇంట్ల గుడ్డ కొంటరానె? నవ్వుతరు" అన్నాడు.

ఫ్యాక్టరీలో తను నేసిన గుడ్డలోనే ఒక కటింగు ముక్కను అడిగి తెచ్చాడు. ముదురు నీలం రంగు. దాన్ని వేళ్ళమధ్య పట్టుకుని అమ్మకు చూపిస్తుంటే మొహం వెలిగిపోయింది. "సూడు, ఎంత దగ్గర నేతో. సూది మొన దిగాల్నంటె ఎన్కముందాడ్తది." అమ్మ చీరలకు ఫాల్ కుట్టే మిషను మీద కోటు కుట్టింది. బాపును సైకిలు మీద కూర్చోబెట్టి, వంగమని, చేతులు చాపమని కొలతలు తీసింది. నిలబెట్టి కొలిచిన కోటు సైకిలు ఎక్కితే వీపు మీద పైకి లేచిపోతుందని ఆమెకు అప్పుడే తట్టింది. వెనక ఒక జానెడు ఎక్కువ వదిలింది. కోటు తొడుక్కుని బాపు గల్లీలో ఒక చుట్టు తొక్కి వచ్చాడు. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో పండగ.

మర్నాడు జోరువాన. సాయంత్రం బాపు వచ్చి కోటు విప్పితే లోపల బనియన్ నీళ్ళోడుతోంది.

"ఏందయ్యా, గింత కోటుండంగ గిట్లెట్ల తడిసినవ్?" అంది అమ్మ.

"నాకేమెరుక? యాడనో కారుతుంది."

ఆ రోజునుంచి మా ఇంట్లో చిల్లు వెతకడం మొదలైంది. నేతవాళ్ళం కదా, గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి తప్పు వెతకడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. బాపూ అమ్మా చెరో వైపు పట్టుకుని కోటును బల్బు ముందు జరుపుతూ పోయేవాళ్ళు. తెగిన పోగు ఎక్కడైనా ఉందా, సందు ఎక్కడైనా ఉందా అని. నేనూ తమ్ముడూ కింద కూర్చుని, వెలుగు చుక్క కనపడితే అరవాలి. మాకు కనపడినదల్లా కుట్ల వెంట ఉన్న సూది రంధ్రాలు. అమ్మ కొవ్వొత్తి కరిగించి కుట్లన్నిటికీ మైనం పట్టించింది. మర్నాడూ బనియన్ తడిసే వచ్చింది. అప్పుడు లోపల ప్లాస్టిక్ అస్తరు వేసింది. ఇంకా తడిసింది. మెడ దగ్గర కారుతోందేమోనని కాలరుకు బిగుతుగా నాడా కుట్టింది. చేతుల దగ్గర ఎలాస్టిక్ వేసింది. ఎంత మూసేస్తే అంత తడిసేవాడు బాపు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక సెలవు రోజు మేమే పరీక్ష పెట్టాం. తమ్ముడికి ఆ కోటు తొడిగి, వాడు గోనెబస్తాలా తడబడుతుంటే పట్టుకుని తీసుకెళ్ళి, చూరు నుంచి పడే నీళ్ళ కింద నిలబెట్టాను. చాలక బకెట్టుతో నెత్తిన కుమ్మరించాను. గల్లీ పిల్లలంతా చప్పట్లు. అమ్మ చీపురు తీసుకుని పరుగెత్తుకొచ్చి, వాడి కోటు విప్పి, ఆగిపోయింది. లోపల వాడు పొడిగా ఉన్నాడు. చొక్కా మడత కూడా చెదరలేదు.

బాపు మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "పోరడు తడువలేదు. మరి నేనెందుకు తడుస్తున్న?" అన్నాడు. ఆయన గొంతులో నవ్వు లేదు. అమ్మ మమ్మల్ని కొట్టడం కూడా మరిచిపోయింది.

శ్రావణంలో ఒకనాడు ఆకాశం నల్లగా ఉందని బాపు కోటు వేసుకునే వెళ్ళాడు. మబ్బు పట్టి ఊరించి, చుక్క రాలకుండానే రోజు గడిచిపోయింది. సాయంత్రం వచ్చి కోటు విప్పితే బనియన్ ముద్ద.

"అటు పడ్డదా వాన?" అంది అమ్మ.

"ఎక్కడిది? చుక్క పడలే."

ముందు బాపమ్మ నవ్వింది, పళ్ళులేని నోరంతా తెరిచి. "చెమటనే కొడుకా! బయటి వానకు తలుపులు పెట్టి, లోపట వాన కురిపిచ్చుకుంటున్నవ్!" అమ్మ నవ్వింది. బాపు కూడా నవ్వి, నవ్వి, దగ్గుతెర వచ్చి గోడ పట్టుకున్నాడు. ఇన్ని రోజులూ ఎంత పిచ్చివాళ్ళమయ్యామో అని నవ్వు. మేం అందరం కలిసి అంతలా నవ్వడం నాకు అదే చివరిసారి గుర్తు.

మర్నాడు అమ్మ బ్లేడు తీసుకుని కూర్చుంది. చంకల కింద కోస్తానంది. బాపు ఒప్పుకోడు.

"నేసిన చేతులతోనె బొక్కలు పెట్టిస్తవా? గుడ్డ ఉసురు తగుల్తది."

"గుడ్డ ఉసురు సంగతి నాకిడిసిపెట్టు. నీ పానం ముఖ్యమా, గుడ్డ ముఖ్యమా?" అంది అమ్మ. ఆమె ఎదురు మాట్లాడటం మేం చూడటం అదే మొదలు.

చంకల కింద వేలెడంత చీలికలు పెట్టింది. అస్తరు పీకేసింది. నాడా తీసేసింది. వీపు మీద అడ్డంగా కోసి, దాని మీద చూరులా ఒక పట్టీ కుట్టింది. వాన పట్టీ మీంచి జారిపోతుంది, గాలి కిందనుంచి దూరుతుంది. బాపు తొక్కి వచ్చి, "గిప్పుడు పానం లేచొచ్చినట్టున్నదే" అన్నాడు. బనియన్ తడుస్తూనే ఉంది గానీ కాస్త తక్కువ. కాస్త తక్కువగా ఉంటే చాలు, మిగతాది మేమే నచ్చజెప్పుకున్నాం.

బతుకమ్మ పండుగ వచ్చేసరికి వానలు తెరిపిచ్చాయి. గల్లీలో ఆడవాళ్ళు పాట మధ్యలో ఉండగా, బాపు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. పంచరైందన్నాడు. మర్నాడు పొద్దున్నే తమ్ముడు సైకిలు తీసి ఒక రౌండు కొట్టొచ్చాడు. చక్రాల నిండా గాలి ఉంది. ఆ మాట వాడు నాకొక్కదానికే చెప్పాడు. బాపు మర్యాద పోతుందని ఇద్దరం నోరు మూసుకున్నాం.

కోటు దాచిపెట్టే ముందు అమ్మ ఒకసారి తొడిగి చూసింది. భుజాలు జారిపోతున్నాయి. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. "నేనే జర లూజు కోసిన" అని తనను తాను తిట్టుకుని, పక్కలు లోపలికి పట్టి కుట్టింది. బాపు బుద్ధిగా చేతులు చాపి నిలబడ్డాడు. బాపమ్మ ఒక మూల కూర్చుని చూస్తోంది. సాయంత్రాలు తీరి కూర్చుని కబుర్లు చెప్పే మనిషి ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టిన అన్నం అలాగే వదిలేసింది.

దీపావళి పోయాక సూరత్‌లో చలి. మా ఊరి చలితో పోలిస్తే అది చలే కాదు గానీ, చీకటితో నది మీద వంతెన దాటేవాడికి గాలి రొమ్ములో దిగుతుంది. కోటు వేస్తే ఉక్క, స్వెట్టరు వేస్తే గాలి ఆగదు. ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట, స్వెట్టరు లోపల రొమ్ముకు అడ్డంగా న్యూస్ పేపరు పెట్టుకుంటే గాలి ఆగుతుందని, వేడి పుడితే తీసి పారెయ్యవచ్చని. మంచి ఉపాయమే. అమ్మ రోజూ పాత గుజరాతీ పేపరు మడిచి బాపు బనియన్ మీద పరిచి, స్వెట్టరు కిందికి లాగేది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం బాపు పొట్లం ఒకటి తెచ్చాడు. నది ఒడ్డున అమ్మే పొంక్, అంటే నిప్పుల మీద కాల్చి దులిపిన పచ్చజొన్న గింజలు, పైన సేవ్ అనే సన్న కారప్పూస. బాపమ్మకు ప్రాణం లేచొచ్చింది. "మన పాలజొన్నలే" అంటూ చిగుళ్ళతో నములుతోంది. పొగవాసన, నిమ్మకాయ వాసన. మేం పొట్లం చుట్టూ మూగి ఉంటే బాపు స్వెట్టరు విప్పాడు. పేపరు ఊడి రాలేదు. ముద్దగా ఒంటికి అతుక్కుపోయింది. అమ్మ నెమ్మదిగా ఒలిచింది. బనియన్ మీద గుజరాతీ అక్షరాలు తిరగేసి అచ్చుపడ్డాయి. తమ్ముడు వాటిని అద్దంలో చూసి చదువుతానని అద్దం కోసం పరుగెత్తాడు.

అమ్మ నవ్వలేదు. బాపు వీపు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. "చలిల గింత చెమటేందయ్యా? కోటు గూడ లేదు గదా" అంది. అప్పటికి బాపు వంతెన ఎక్కేటప్పుడు సైకిలు దిగి నడుస్తున్నాడు. అంత మెల్లగా పోయేవాడికి చెమట ఎందుకు పడుతుందో ఆమెకు అర్థం కాలేదు.

బాపమ్మ చేతిలోని జొన్నలు పొట్లంలో వేసేసింది. "పోయే ముంగట మీ అయ్యకు గిట్లనే పట్టేది కొడుకా" అంది. "కోటు లూజయినప్పుడే నాకు తెల్సింది. నోటికి వచ్చింది గని అనబుద్ధి కాలేదు. అంటె నిజమైతదని."

అప్పుడు మా అందరికీ తెలిసింది, ఇన్నాళ్ళూ మేం వెతికిన చిల్లు గుడ్డలో లేదని.

సర్కారు దవాఖానాకు బాపుతో అమ్మా నేనూ వెళ్ళాం. అమ్మకు హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదు, అందుకని నేను. రొమ్ముకు ఫొటో తీశారు. డాక్టరు మంచివాడే. గట్టిగా ఒక్క మాట అనలేదు. బాపును బయట బెంచీ మీద కూర్చోమని పంపి, ఈ చెమట ఎప్పటినుంచి అని అడిగాడు. బారిష్ సే, వానలప్పటినుంచి అని చెప్పాను. ఆయన ఆ నల్ల ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇది క్షయ, వానల్లోనే తీసుకొచ్చి ఉంటే మందులకు లొంగేది, అప్పటికి ఊపిరితిత్తుల్లో ఒక పక్కే ఉండి ఉంటుంది, ఇప్పుడు రెండు పక్కలా పాకింది అన్నాడు. వానల్లో ఎందుకు తీసుకురాలేదు, ఏం చేస్తున్నారు అప్పుడు, అని అడిగాడు. తిట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "వానలల్ల కోటు కుడ్తుంటిమని చెప్పు బిడ్డా" అంది.

నేను ఆ మాట హిందీలో చెప్పలేకపోయాను. కుఛ్ నహీ, ఏమీ లేదు అన్నాను. డాక్టరు తల ఊపి మందులు రాశాడు.

మందులు మింగించాం. పని పోయింది. సైకిలు అమ్మేశాం. ఊరి గాలి పడుతుందని ఎవరో అంటే రైలెక్కించి తీసుకెళ్ళాం. మళ్ళీ వానలు రాకముందే బాపు పోయాడు. కొడుకు పోయాక బాపమ్మ ఎక్కువ రోజులు బతకలేదు. అమ్మ మా ఇద్దరినీ తీసుకుని మళ్ళీ సూరత్ వచ్చి, చీరలకు ఫాల్‌లు కుట్టి మమ్మల్ని పెంచింది. ఆ గల్లీ ఇప్పుడు లేదు. మా గది ఉన్న చోట నాలుగంతస్తుల మేడ లేచింది. ఇప్పుడు అక్కడ మగ్గాల చప్పుడు వినిపించదు.

అమ్మ బతికినన్నాళ్ళూ ఏటా తొలి జల్లు పడగానే నన్ను అదే అడిగేది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా, చేస్తున్న పని ఆపి, గుమ్మంలోకి వచ్చి అడిగేది.

"గప్పుడే తోల్కపోతే బతుకుతుండెనా బిడ్డా?"

"లేదమ్మా. అప్పటికే ముదిరిపోయింది. ఎవరూ ఏం చెయ్యగలిగేవాళ్ళు కాదు" అనేదాన్ని.

డాక్టరు చెప్పింది అది కాదని మా ఇద్దరికీ తెలుసు. ఆయన మాటలు ఆమె నా పక్కనే నిలబడి వింది. అయినా నా మాట విని, తల ఊపి, లోపలికి వెళ్ళేది. వచ్చే ఏడు మళ్ళీ అడిగేది. నిరుడు అమ్మ చనిపోయింది. ఈసారి తొలి జల్లు పడినప్పుడు ఎవరూ నన్నేమీ అడగలేదు. జవాబు మాత్రం నోటిదాకా వచ్చింది. ఎవరితో చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడ్చాను.